లక్ష మీటర్లు, ఒకే కీ: డీఎల్‌ఎంఎస్ నెట్‌వర్క్‌ను మీటరుకో కీ పద్ధతికి మార్చిన తీరు

కేసు స్వరూపం

సుమారు లక్ష స్మార్ట్ మీటర్లున్న నెట్‌వర్క్ ఇది. మీటర్లు ఇద్దరు తయారీదారులవి. ఎక్కువ మీటర్ల డేటా ఆర్‌ఎఫ్ మెష్ (మీటరు నుంచి మీటరుకు రేడియోలో సాగే నెట్‌వర్క్) మీదుగా కలెక్టర్లకు చేరి, అక్కడి నుంచి సెల్యులార్ లింకు మీద హెడ్ ఎండ్ సిస్టమ్‌కు, అంటే హెచ్‌ఈఎస్‌కు, వస్తుంది. మిగతా మీటర్లలో సొంత సెల్యులార్ మోడెమ్ ఉంది. అప్లికేషన్ స్థాయిలో అన్నీ డీఎల్‌ఎంఎస్/కోసెమ్, అంటే మీటర్లతో డేటా మార్చుకునే ఐఈసీ 62056 ప్రమాణం. సెక్యూరిటీ సూట్ (ఆ ప్రమాణంలోని ఎన్‌క్రిప్షన్ పద్ధతుల సెట్) 0. సందేశాలకు ఏఈఎస్-128 జీసీఎం (ఎన్‌క్రిప్షన్‌తోపాటు సందేశం మారలేదని రుజువు చేసే ట్యాగ్ కూడా ఇస్తుంది), కీలను పంపడానికి ఏఈఎస్-128 కీ ర్యాప్ (ఒక కీని ఇంకో కీతో చుట్టడం).

కాగితం మీద లోటేమీ కనబడదు. ఎన్‌క్రిప్షన్ ఉండాలన్నారు, ఉంది. తనిఖీలో తేలినవి మాత్రం వేరే సంగతులు. ఒక్కో కన్‌సైన్‌మెంటులోని మీటర్లన్నిటికీ ఒకే కీల సెట్. ఆ కీలు ఫ్యాక్టరీ నుంచి స్ప్రెడ్‌షీట్ రూపంలో వచ్చి, హెచ్‌ఈఎస్ డేటాబేసులో ఉన్నవి ఉన్నట్టే పడి ఉన్నాయి. కలెక్టరు మీటర్లతో తనే అసోసియేషన్ (ధ్రువీకరణతో మొదలయ్యే సెషన్) తెరుస్తోంది కాబట్టి కీలు స్తంభం మీది పెట్టెలో కూడా ఉన్నాయి. ఆప్టికల్ పోర్టు (మీటరు దగ్గర నిలబడి చదివే పోర్టు) పాస్‌వర్డ్ అన్ని మీటర్లకూ ఒకటే. అన్నిటికంటే ఇబ్బందికరమైనది చివరిది: మీటరు భద్రతా అమరికలుండే సెక్యూరిటీ సెటప్ ఆబ్జెక్టులో పాలసీ విలువ 0. అంటే హెచ్‌ఈఎస్ ఎన్‌క్రిప్ట్ చేసి పంపుతోందే తప్ప, ఎన్‌క్రిప్ట్ చేయని అభ్యర్థన వచ్చినా మీటరు కాదనడం లేదు.

ఈ స్థితిలో ఒక్క మీటరు విప్పి మెమరీ చదవగలిగినవాడి చేతికి ఆ కన్‌సైన్‌మెంటు మొత్తం చిక్కుతుంది. రీడింగులు బయటపడటం ఒక ఎత్తు, సప్లై కట్ చేసే ఆదేశం ఎవరైనా పంపగలగడం ఇంకో ఎత్తు. కాబట్టి పెట్టుకున్న లక్ష్యం ఇది: మీటరుకో కీల సెట్, కీలు పుట్టేదీ ఉండేదీ హెచ్‌ఎస్‌ఎం (కీలను బయటికి రానివ్వని హార్డ్‌వేర్ పెట్టె) ఆధారిత కీ మేనేజ్‌మెంట్ సిస్టమ్‌లో, అంటే కేఎంఎస్‌లో, మధ్యలో ఎవరూ విప్పకుండా హెచ్‌ఈఎస్ నుంచి మీటరు దాకా నేరుగా ఎన్‌క్రిప్షన్, చివరగా, అసురక్షిత సందేశాన్ని మీటరే తిరస్కరించడం.

ఫ్రేములో ఏముంటుంది

కీల సంగతికి ముందు ఫ్రేము నిర్మాణం చూడాలి. తర్వాత వచ్చే చిక్కుల్లో సగం ఇక్కడే పుడతాయి.

మామూలు గెట్ అభ్యర్థన, అంటే మీటరులోని ఒక విలువ అడగడం, 13 బైట్లు. దాన్ని యూనికాస్ట్ కీతో (ఒక్క మీటరుతో సాగే సందేశాల ఎన్‌క్రిప్షన్ కీ) రక్షిస్తే 32 బైట్లవుతుంది. ముందు సందేశం రకం చెప్పే గ్లో-గెట్ ట్యాగ్ 200, తర్వాత పొడవు 30, తర్వాత సెక్యూరిటీ కంట్రోల్ బైటు 48, తర్వాత 4 బైట్ల ఇన్వొకేషన్ కౌంటర్ (ప్రతి సందేశానికీ పెరిగే సంఖ్య), ఆపైన 13 బైట్ల సైఫర్‌టెక్స్ట్ (ఎన్‌క్రిప్ట్ అయిన సందేశం), చివర 12 బైట్ల ఆథెంటికేషన్ ట్యాగ్. కంట్రోల్ బైటులో దిగువ 4 బిట్లు సూట్ నంబరు, 16 విలువ బిట్ ఆథెంటికేషన్‌కు, 32 విలువ బిట్ ఎన్‌క్రిప్షన్‌కు. 48 అంటే రెండూ ఉన్నట్టు. 32 ఒక్కటే వస్తే ట్యాగ్ ఉండదు. అప్పుడు జీసీఎం ఉత్త కౌంటర్ మోడ్‌గా మిగులుతుంది; దారిలో ఎవరైనా ఒక బిట్ తిప్పితే విప్పిన సందేశంలోనూ సరిగ్గా అదే బిట్ తిరుగుతుంది, మీటరుకు తెలియదు. 32 మాత్రమే ఉన్న ఫ్రేమును తిరస్కరించడం ఫర్మ్‌వేర్ పరీక్షల్లో తప్పనిసరి అంశం.

జీసీఎంకు కావలసిన 12 బైట్ల నాన్స్ (ఒక కీ కింద ఒక్కసారే వాడాల్సిన విలువ) ఫ్రేములో ఎక్కడా పూర్తిగా కనిపించదు. పంపేవారి 8 బైట్ల సిస్టమ్ టైటిల్ పక్కన 4 బైట్ల కౌంటర్ పెడితే నాన్స్ అవుతుంది. సిస్టమ్ టైటిల్‌లో మొదటి 3 బైట్లు తయారీదారు కోడ్, మిగతా 5 ఆ పరికరానికే ప్రత్యేకం. రెండు దిశల్లోనూ వాడేది ఒకే కీ కాబట్టి, మీటరు నాన్స్‌నూ హెచ్‌ఈఎస్ నాన్స్‌నూ వేరు చేసేది ఈ టైటిల్ ఒక్కటే. ఆథెంటికేషన్ కీ పేరు చూసి అది ట్యాగ్‌కు సొంత కీ అనుకునేవారున్నారు. అది కంట్రోల్ బైటు వెనక అదనపు డేటాగా చేరుతుంది, అంతే. అసలు బలం యూనికాస్ట్ కీదే.

కీలు: ఎన్ని, ఎక్కడ

మీటరుకు నాలుగు: మాస్టర్ కీ, యూనికాస్ట్ కీ, ఆథెంటికేషన్ కీ, చాలా మీటర్లకు ఒకేసారి పంపే సందేశాలకు బ్రాడ్‌కాస్ట్ కీ. మాస్టర్ కీతో సందేశాలేవీ ఎన్‌క్రిప్ట్ చేయరు. మిగతా కీలను చుట్టి పంపడమే దాని పని. ప్రతి అసోసియేషన్‌కూ కొత్తగా పుట్టే డెడికేటెడ్ కీ వేరు, దాన్ని ఎక్కడా నిల్వ చేయనక్కరలేదు.

కీలను యాదృచ్ఛికంగా పుట్టించాలా, ఒక మూల కీ నుంచి సిస్టమ్ టైటిల్‌తో లెక్కగట్టాలా అన్న చర్చ ప్రతి ప్రాజెక్టులోనూ వస్తుంది. లెక్కగట్టే పద్ధతిలో డేటాబేస్ పోయినా కీలు తిరిగి వస్తాయి. కానీ మూల కీ ఒక్కటి బయటపడితే మొత్తం పోయినట్టే, మొదటి జబ్బే మరో రూపంలో వచ్చినట్టు. నిల్వ భారమవుతుందన్న వాదన నిలబడదు: కీ ర్యాప్ చేసిన 16 బైట్ల కీ 24 బైట్లు, మీటరుకు నాలుగు చొప్పున లక్ష మీటర్లకు 96 లక్షల బైట్లు. పది మెగాబైట్లు కూడా కాదు. ఇక్కడ అన్నీ యాదృచ్ఛికమే ఎంచుకున్నారు. హెచ్‌ఎస్‌ఎం లోపల పుట్టి, హెచ్‌ఎస్‌ఎం లోపలి కీతో చుట్టి డేటాబేసులోకి. ఆ ఎంపికకు మూల్యం బ్యాకప్. రెండు సైట్ల మధ్య సింక్రొనస్ రెప్లికా, దానిపైన రోజువారీ ఆఫ్‌లైన్ కాపీ. ఆ కాపీని చుట్టే కీని ఐదు ముక్కలు చేసి, ఏ ముగ్గురు కలిసినా తెరుచుకునేలా పెట్టారు. ఐదుగురిలో ఇద్దరు ఉద్యోగం మారినప్పుడు ముక్కల పంపిణీ తిరిగి చేయాలన్న నిబంధన రాతపూర్వకంగా ఉండాలి. లేకపోతే కాగితం మీద ముగ్గురుంటారు, గదిలో ఒకరుంటారు.

హెచ్‌ఎస్‌ఎం ప్రతి సందేశాన్నీ ఎన్‌క్రిప్ట్ చేయాలా? లక్ష మీటర్లను 15 నిమిషాల్లో చదవాలంటే సెకనుకు 111 మీటర్లు. అసోసియేషన్ తెరవడం, హెచ్‌ఎల్‌ఎస్ ధ్రువీకరణ (ఇరువైపులా చాలెంజ్ పంపి, కీ ఉందని నిరూపించుకోవడం), గెట్, జవాబు కలిపితే మీటరుకు కనీసం ఎనిమిది క్రిప్టో పనులు, అంటే సెకనుకు దాదాపు 900. చేయవచ్చు, కానీ నెట్‌వర్క్ జాప్యం కూడా ప్రతి దానికీ కలుస్తుంది. అందుకే మధ్యేమార్గం: యూనికాస్ట్, ఆథెంటికేషన్ కీలు హెచ్‌ఈఎస్ ర్యామ్‌లోకి పరిమిత గడువుతో వస్తాయి. మాస్టర్ కీ హెచ్‌ఎస్‌ఎం గడప దాటదు. సప్లై కట్ చేసే క్లయింటుకు వేరే సెక్యూరిటీ సెటప్, వేరే కీలు. ఆ సందేశాల ఎన్‌క్రిప్షన్ కేఎంఎస్ లోనే జరుగుతుంది, గంటకు ఇన్ని అన్న పరిమితి కూడా అక్కడే ఉంటుంది. హెచ్‌ఈఎస్ మొత్తం శత్రువు చేతికి చిక్కినా ఊరంతా చీకటి చేయలేకపోవడానికి కారణం ఈ పరిమితే తప్ప ఎన్‌క్రిప్షన్ కాదు.

ఫ్యాక్టరీ నుంచి కేఎంఎస్‌కు

కొత్త కన్‌సైన్‌మెంట్ల కీ ఫైలు ఇకపై కేఎంఎస్ పబ్లిక్ కీతో ఎన్‌క్రిప్ట్ అయి, తయారీదారు సంతకంతో వస్తుంది. ఫైల్లో ప్రతి మీటరుకూ సీరియల్ నంబరు, సిస్టమ్ టైటిల్, కీలు, ప్రతి కీకి చెక్ విలువ ఉంటాయి.

ఈ చెక్ విలువ దగ్గర ఒక చిన్న గొయ్యి ఉంది. 16 సున్నా బైట్లను ఆ కీతో ఎన్‌క్రిప్ట్ చేసి మొదటి 3 బైట్లు తీసుకోవడం పాత అలవాటు. జీసీఎంలో ట్యాగ్ లెక్కకు వాడే రహస్య విలువ సరిగ్గా అదే: సున్నా బ్లాకును ఎన్‌క్రిప్ట్ చేసిన ఫలితం. అంటే చెక్ విలువ పేరుతో ఆ రహస్యంలో 24 బిట్లను రికార్డుల్లో రాసి పెడుతున్నట్టు. సీమ్యాక్ (ఏఈఎస్‌తోనే వేరే రీతిలో లెక్కగట్టే కోడ్) ఆధారిత చెక్ విలువ వాడితే ఈ గొడవ ఉండదు.

దిగుమతి వేళ ఎక్కువగా ఎదురయ్యే తప్పు హెక్స్‌కూ ఆస్కీకీ మధ్య. 32 హెక్స్ అక్షరాలుగా రాసిన కీని ఎవరో అక్షరాలుగానే తీసుకుని మొదటి 16 బైట్లను కీ అనుకుంటారు. రెండోది యూనికాస్ట్, ఆథెంటికేషన్ కీల కాలమ్‌లు తారుమారవడం. మూడోది సిస్టమ్ టైటిల్: సీరియల్ నంబరును ఒక తయారీదారు అంకెగా, ఇంకొకరు అక్షరాలుగా 5 బైట్లలో ఇరికిస్తారు. ఈ మూడింటికీ మీటరు దగ్గర కనిపించే లక్షణం ఒకటే, ట్యాగ్ సరిపోలదు. మీటర్లు గోడెక్కాక ఇది తెలిస్తే ఖర్చు ఎక్కువ. అందుకే ప్రతి కన్‌సైన్‌మెంటు నుంచి కొన్ని మీటర్లను గోడౌన్‌లోనే కరెంటుకు తగిలించి, దిగుమతైన కీలతో పూర్తి అసోసియేషన్ తెరిచి చూశాకే మిగతావి బయటికి. హెచ్‌ఈఎస్ లైబ్రరీ మీదే అనుమానం వస్తే, డీఎల్‌ఎంఎస్ ప్రమాణ గ్రంథం గ్రీన్ బుక్‌లో అచ్చయిన పరీక్షా ఉదాహరణతో ముందు దాన్ని సరిచూడాలి. తప్పు మీటరుదా మనదా అన్న వాదన పది నిమిషాల్లో తెగుతుంది.

పాత మీటర్లకు కొత్త మాస్టర్ కీ ఎలా?

కేసు మొత్తంలో కష్టమైన ప్రశ్న ఇదే. సూట్ 0లో కొత్త మాస్టర్ కీని పాత మాస్టర్ కీతో చుట్టి పంపాలి. పాతది కన్‌సైన్‌మెంటు అంతటికీ ఉమ్మడి, ఇప్పటికే ఎందరి చేతులో మారిందో తెలియదు. గాలిలో పంపితే, పాత కీలు ఉండి ఆ సంభాషణను రికార్డు చేసినవాడికి కొత్త కీ కూడా దొరుకుతుంది. మళ్లీ మార్చినా లాభం లేదు. మొదటి మార్పిడిని విప్పినవాడు రెండోదాన్నీ విప్పుతాడు. గొలుసు ఒకసారి దొరికితే చివరిదాకా దొరికినట్టే.

సూట్ 1 మీటర్లయితే ఎలిప్టిక్ కర్వ్ కీ అగ్రిమెంటుతో (కీని గాలిలో పంపకుండానే ఇరువైపులా ఒకే కీకి చేరే పద్ధతి) బయటపడవచ్చు. ఈ మీటర్లలో అది లేదు. దారులు రెండే: ఆప్టికల్ పోర్టు దగ్గర మనిషి నిలబడి మార్చడం, లేదా కింది పొరలోని వేరే ఎన్‌క్రిప్షన్ మీద ఆధారపడి దూరం నుంచి మార్చడం. మెష్‌లో 802.15.4 రేడియో ప్రమాణం స్థాయిలో ఏఈఎస్-సీసీఎం ఉంది, కలెక్టరు నుంచి హెచ్‌ఈఎస్ దాకా ఐపీసెక్ (ఐపీ స్థాయి ఎన్‌క్రిప్షన్) ఉంది. సొంత మోడెమ్ ఉన్న మీటర్ల విషయంలో ఐపీసెక్ ఆపరేటరు గేట్‌వే దగ్గరే ఆగిపోతుంది. అక్కడి నుంచి మీటరు దాకా రేడియో ఆపరేటరు రక్షణ మీదే భరోసా.

తీసుకున్న నిర్ణయం: సీటీ మీటర్లు (కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్ ద్వారా కొలిచేవి), ఫీడర్ మీటర్లు, పెద్ద వినియోగదారుల మీటర్లు ఆప్టికల్ పోర్టు ద్వారా; మిగతావి దూరం నుంచి. మిగిలిన ముప్పును రిస్క్ రిజిస్టరులో రాసి సంతకం పెట్టించారు. ఆప్టికల్ పనిలో హ్యాండ్‌హెల్డ్‌కు కీలు ఇవ్వలేదు. అది హెచ్‌ఈఎస్ బైట్లను పోర్టుకు అందించే దారి మాత్రమే. అసోసియేషన్ తెరిచేది, కీ చుట్టేది అవతలి చివర. సిగ్నల్ లేని మీటర్ గదుల్లో ఇది ఇబ్బందే. అయినా, ఆఫ్‌లైన్‌లో వాడుకోవడానికి కీలు నింపిన హ్యాండ్‌హెల్డ్ ఒకటి ఆటోలో మరిచిపోతే వచ్చే నష్టంతో పోలిస్తే, ఆ గదికి పొడవాటి యాంటెన్నా కేబుల్ తీసుకెళ్లడం చాలా తేలిక.

మార్పిడి క్రమం

ఒక మీటరుకు క్రమం ఇలా నడుస్తుంది.

1. కేఎంఎస్ కొత్త మాస్టర్, యూనికాస్ట్, ఆథెంటికేషన్ కీలను పుట్టించి "వేచి ఉన్నవి" అన్న స్థితిలో రాస్తుంది. రెండో సైటు రెప్లికా అందిందని చెప్పేదాకా తర్వాతి అడుగు లేదు. మీటరుకు చేరాక బ్యాకప్ తీసుకుందాం అనుకుంటే, మధ్యలో సర్వరు పడితే ఆ మీటరు ఇక ఎవరి మాటా వినదు.

2. మీటరు సిస్టమ్ టైటిల్‌ను అసోసియేషన్ జవాబులో చదివి, డేటాబేసులో ఉన్నదానితో సరిచూడాలి. ఇల్లు మారిన మీటర్లు ఇక్కడ బయటపడతాయి.

3. క్లాస్ 64 సెక్యూరిటీ సెటప్, ఓబిస్ (మీటరులోని ఆబ్జెక్టు గుర్తు) 0.0.43.0.0.255, రెండో మెథడ్ కీ ట్రాన్స్‌ఫర్. ముందుగా కీ నంబరు 3, అంటే మాస్టర్ కీ ఒక్కటే పంపాలి. మూడూ ఒకే విడతలో పంపితే మిగతా రెండింటిని పాత మాస్టర్‌తో విప్పాలా కొత్తదానితో విప్పాలా అన్నది ఫర్మ్‌వేర్ రాసినవారి ఊహకు వదిలినట్టవుతుంది.

4. తర్వాత కొత్త మాస్టర్‌తో చుట్టిన యూనికాస్ట్, నంబరు 0, ఆథెంటికేషన్, నంబరు 2, రెండూ ఒకే అరేలో. విడివిడిగా పంపితే మధ్యలో లింకు తెగినప్పుడు ఒకటి కొత్తది, ఒకటి పాతది అయిన సగం స్థితి వస్తుంది.

5. అసోసియేషన్ మూసి, కొత్త కీలతో మళ్లీ తెరవాలి. హెచ్‌ఎల్‌ఎస్ జీమ్యాక్ (జీసీఎం ట్యాగ్‌తో చేసే ధ్రువీకరణ), మెకానిజం 5. ఆ ధ్రువీకరణ నాలుగో మెట్టులో మీటరు ఇచ్చే జవాబు సరిపోలితే రెండు కీలూ మీటరులో ఉన్నట్టు రుజువు. అప్పుడే కేఎంఎస్‌లో కొత్తవి "వాడుకలో", పాతవి "విరమించినవి" అవుతాయి.

నాలుగో అడుగు జవాబు దారిలో పోతే ఏం చేయాలన్నదే ఈ క్రమానికి అసలు పరీక్ష. కీ మారిందో లేదో హెచ్‌ఈఎస్‌కు తెలియదు. మీటరు జవాబును పాత కీతో పంపుతుందా కొత్త కీతోనా అన్నది కూడా ఇద్దరు తయారీదారుల దగ్గర ఒకలా లేదు. కాబట్టి నియమం: వేచి ఉన్న కీతో ముందు, విఫలమైతే పాత కీతో. రెండూ విఫలమైతే ఆ మీటరును పక్కన పెట్టాలి; అదే పనిగా ప్రయత్నిస్తే చాలా మీటర్లు వరస వైఫల్యాల తర్వాత కొంతసేపు తలుపు మూసుకుంటాయి.

కొత్త కీ ఎక్కాక పాత కీని మీటరులో తిరిగి ఎక్కించడం నిషేధం. కొత్త కీ ఎక్కినప్పుడు కౌంటర్ సున్నాకు వస్తుంది. పాత కీని మళ్లీ ఎక్కిస్తే అదే కీ కింద అవే కౌంటర్లు రెండోసారి నడుస్తాయి. విరమించిన కీల చెక్ విలువలను కేఎంఎస్ దాచుకుని, అదే కీని రెండోసారి పంపమంటే నిరాకరించాలి.

టైప్ పరీక్షల్లో ఒకటి ప్రత్యేకం: చుట్టిన కీలో కావాలని ఒక బిట్ పాడు చేసి పంపడం. కీ ర్యాప్‌లో 64 బిట్ల స్థిర విలువ సరిచూసుకునే ఏర్పాటు ఉంది కాబట్టి మీటరు దాన్ని తిరస్కరించాలి. సరిచూడని ఫర్మ్‌వేర్ అయితే చెత్త విలువను కీగా ఎక్కించుకుని "సరే" అంటుంది.

కౌంటర్

ఏఈఎస్‌ను ఎవరూ విరగ్గొట్టరు. నాన్స్ మళ్లీ రావడం వల్లే ఈ వ్యవస్థలు లోలోపల కూలుతాయి. ఒకే కీ, ఒకే నాన్స్‌తో రెండు వేర్వేరు సందేశాలు వెళ్తే, రెండు సైఫర్‌టెక్స్టులను ఎక్స్-ఓఆర్ (బిట్ బిట్‌కూ తేడా తీసే లెక్క) చేస్తే రెండు అసలు సందేశాల ఎక్స్-ఓఆర్ వస్తుంది. డీఎల్‌ఎంఎస్ అభ్యర్థనలు ముందే తెలిసిన రూపంలో ఉంటాయి కాబట్టి ఒకటి ఊహిస్తే రెండోది చేతికొస్తుంది. ట్యాగ్‌ను నకిలీ చేసే దారి కూడా తెరుచుకుంటుంది. ఆథెంటికేషన్ కీ దీన్ని ఆపలేదు. రెండు సందేశాల్లోనూ అది ఒకటే కాబట్టి తేడా తీసినప్పుడు రద్దైపోతుంది.

నాన్స్ ఎక్కడెక్కడ మళ్లీ వస్తుంది? హెచ్‌ఈఎస్ నోడ్లు రెండు ఒకే సిస్టమ్ టైటిల్‌తో, వేర్వేరు కౌంటర్లతో నడిస్తే. వర్చువల్ మెషీన్‌ను నిన్నటి స్నాప్‌షాట్‌కు తిప్పితే. డేటాబేసును బ్యాకప్ నుంచి తెచ్చుకుంటే. "పాత కౌంటర్‌ను మీటరు ఎలాగూ తిరస్కరిస్తుంది కదా" అన్న సమాధానం వినిపిస్తుంది. తిరస్కరిస్తుంది, నిజమే, కానీ సైఫర్‌టెక్స్ట్ అప్పటికే గాలిలోకి వెళ్లింది, వినేవాడు విన్నాడు. రీట్రైలలోనూ ఇదే: అవే బైట్లను తిరిగి పంపితే ఫరవాలేదు. ఇన్వోక్ నంబరు మార్చి, అదే కౌంటర్‌తో మళ్లీ ఎన్‌క్రిప్ట్ చేస్తే తప్పు.

హెచ్‌ఈఎస్ వైపు పెట్టిన ఏర్పాటు: నోడుకో సిస్టమ్ టైటిల్ ఇస్తే బాగుండేది, కానీ ఒక తయారీదారు మీటరు క్లయింటుకు ఒకే టైటిల్‌ను గుర్తుపెట్టుకుంటుంది. అందుకే ఒకే టైటిల్, కౌంటర్లు కేంద్రం నుంచి 100 చొప్పున బ్లాకులుగా. దీనితో ఇంకో చిక్కు: రెండు నోడ్లు ఒకే మీటరుతో మాట్లాడితే చిన్న విలువల బ్లాకు ఉన్న నోడు సందేశాలన్నీ పాతవిగా పడిపోతాయి. కాబట్టి మీటరును ఒక నోడుకే కట్టేయాలి. నోడు పడిపోతే వారసుడు తర్వాతి బ్లాకు తీసుకుంటాడు. బ్యాకప్ నుంచి డేటాబేస్ తెచ్చుకున్న ప్రతిసారీ అన్ని కౌంటర్లకూ పెద్ద అంతరం కలిపాకే సర్వీసు మొదలు.

మీటరు వైపు: ప్రతి సందేశానికీ కౌంటర్‌ను ఈఈప్రామ్‌లో (కరెంటు పోయినా చెరగని మెమరీ) రాస్తే అది అరుగుతుంది. పది లక్షల రాతలు ఓర్చుకునే భాగంలో, 15 నిమిషాలకో పుష్ (అడగకుండానే మీటరు పంపే సందేశం) మాత్రమే ఉంటే రోజుకు 96 రాతలు, 28 ఏళ్లు. రోజుకు 500 సందేశాలుంటే అయిదున్నరేళ్లకే అయిపోతుంది. లక్ష రాతల ఫ్లాష్ అయితే ఉత్త పుష్‌తోనే మూడేళ్లు నిండవు. సరైన పద్ధతి ముందస్తు రాత: మెమరీలో 1000 ముందు విలువ రాసుకుని, ర్యామ్‌లో లెక్కిస్తూ అక్కడికి చేరాక మరో 1000 రాయడం. కరెంటు పోయి వస్తే రాసి ఉన్న విలువ నుంచే మొదలు. రోజుకు పదిసార్లు కరెంటు పోయినా ఏటా 36 లక్షల విలువలు వృథా, 32 బిట్లలో 429 కోట్లున్నాయి. ఈ పద్ధతి పాటించని ఫర్మ్‌వేర్‌ను కనిపెట్టడం తేలిక: పుష్ వచ్చిన వెంటనే సప్లై తీసి పెట్టి, తర్వాతి పుష్‌లో కౌంటర్ చూడాలి. వెనక్కి వెళ్తే ఆ మీటరు గోడౌన్ దాటకూడదు.

ఇంకో పరీక్ష అంతకంటే ముఖ్యం. తప్పుడు ట్యాగ్, కౌంటర్‌లో అతి పెద్ద విలువ ఉన్న ఫ్రేము పంపాలి. ట్యాగ్ సరిచూడకముందే కౌంటర్‌ను నమోదు చేసే మీటరు, ఆ ఒక్క చెత్త ఫ్రేముతో హెచ్‌ఈఎస్‌ను శాశ్వతంగా బయటికి నెట్టేస్తుంది. కీ తెలియనివాడు కూడా చేయగల దాడి ఇది. ట్యాగ్ నెగ్గాకే కౌంటర్ మారాలి.

దీని జంట తప్పు హెచ్‌ఈఎస్ వైపు ఉంటుంది. కౌంటర్ తప్పినప్పుడు ఏ కీ అక్కరలేని పబ్లిక్ క్లయింటుగా, అంటే క్లయింట్ చిరునామా 16తో, మీటరు కౌంటర్ ఉండే 0.0.43.1.0.255 చదివి దానికి ఒకటి కలుపుకోవడం రివాజు. ఆ చదువుడుకు ఏ రక్షణా లేదు. మధ్యలో ఎవరైనా భారీ విలువ ఇస్తే హెచ్‌ఈఎస్ దాన్ని నమ్మి, సరైన ట్యాగ్‌తోనే మీటరును ఆ విలువకు తీసుకెళ్తుంది. కౌంటర్ చివరికి చేరాక మిగిలేది కీ మార్చడం ఒక్కటే, కీ మార్చాలన్నా ఎన్‌క్రిప్ట్ చేసిన సందేశమే కావాలి. అందుకే చదివిన విలువ మన చివరి విలువకంటే 10,000 లోపు ఎక్కువైతేనే ఆటోమేటిక్‌గా ఒప్పుకోవాలి. దాటితే మనిషి చూడాలి. కౌంటర్ సగం దాటిన మీటరు కనిపించినా అలారమే. సెకనుకో సందేశం పంపినా 32 బిట్లు 136 ఏళ్లు వస్తాయి, సగం దాటిందంటే ఎవరో తోసినట్టే.

యూడీపీ మీద వచ్చే పుష్‌లు వరస తప్పి వస్తాయి. ప్రతిదీ ముందుదానికంటే పెద్దదే కావాలంటే ఆలస్యమైన నిజమైన రీడింగులు పడిపోతాయి. చివరి 64 విలువలకు ఒక బిట్ పట్టిక ఉంచి, కిటికీలో ఉండి ఇంతకుముందు చూడనిదైతే తీసుకోవడం సరిపోతుంది.

లక్షణం నుంచి కారణానికి

అసోసియేషన్ జవాబులో డయాగ్నస్టిక్ 13 వస్తే ధ్రువీకరణ విఫలమైంది. కీలూ సిస్టమ్ టైటిలూ చూడాలి. 14 చూసి కంగారుపడనక్కరలేదు, హెచ్‌ఎల్‌ఎస్ ఇంకా పూర్తి కాలేదని అర్థం. 11 అయితే మెకానిజం పేరు మీటరు గుర్తించలేదు, తరచు తప్పు క్లయింట్ చిరునామా వల్ల. ట్యాగ్ 216తో ఎక్సెప్షన్ జవాబు వస్తే సర్వీస్ లోపం కోడ్ చూడాలి: 5 డిక్రిప్షన్ లోపం, 6 కౌంటర్ లోపం. పాత ఫర్మ్‌వేర్లు ఏ కోడూ ఇవ్వకుండా మౌనంగా ఉంటాయి, మెష్ సమస్య అనుకుని ఫీల్డ్ వాళ్లు కలెక్టర్ల చుట్టూ తిరుగుతారు. పబ్లిక్ క్లయింటు జవాబిస్తూ మేనేజ్‌మెంట్ క్లయింటు మౌనంగా ఉంటే రేడియోది తప్పు కాదు.

చిన్న ప్యాకెట్లు పనిచేసి లోడ్ ప్రొఫైల్ (కాలక్రమంలో వినియోగ రికార్డు) మాత్రం ఆగిపోతుంటే భద్రతా లోపం కోసం వెతకవద్దు. హెచ్‌డీఎల్‌సీ (కింది పొరలోని ఫ్రేము పద్ధతి) డిఫాల్ట్ సమాచార పరిమితి 128 బైట్లు. ఎన్‌క్రిప్షన్ కలిపిన అదనపు బైట్లతో అప్పటిదాకా ఒక ఫ్రేములో సరిపోయింది రెండుగా విడిపోతోందేమో చూడాలి. హెచ్‌ఎల్‌ఎస్‌లో మీటరు పంపే చాలెంజ్, మనం పంపినదానికి నకలుగా వస్తే క్లయింటు వెంటనే తెంచేయాలి. రీబూట్ అయిన ప్రతిసారీ అవే చాలెంజ్‌లు ఇచ్చే మీటరు ఉంటే దాని యాదృచ్ఛిక సంఖ్యల మూలం పనిచేయడం లేదన్నమాట.

కలెక్టరు, బ్రాడ్‌కాస్ట్, పాలసీ

కలెక్టర్లలోని కీలు తీసేసి, వాటిని రవాణాకే పరిమితం చేశారు. పోర్టు 4059 మీద వచ్చే ర్యాపర్ (ఐపీ మీద డీఎల్‌ఎంఎస్ సందేశానికి వేసే తొడుగు) ఫ్రేమును అలాగే ముందుకు పంపడమే ఇప్పుడు వాటి పని. 8 బైట్ల ర్యాపర్ హెడర్‌కు డీఎల్‌ఎంఎస్ ట్యాగ్ రక్షణ వర్తించదు కాబట్టి, దానిలోని చిరునామా చూసి ఏ హక్కులూ ఇవ్వకూడదు. కలెక్టరు ముందే రీడింగులు తెచ్చి పెట్టుకునే సౌకర్యం దీనితో పోయింది. ఆ లోటును మీటరు పుష్‌లు తీర్చాయి: జనరల్-గ్లో సైఫరింగ్, ట్యాగ్ 219, సిస్టమ్ టైటిల్ ఫ్రేములోనే ఉంటుంది, అసోసియేషన్ అక్కరలేదు.

బ్రాడ్‌కాస్ట్ కీ స్వభావరీత్యా ఉమ్మడిది. ఒక మీటరు విప్పితే అది బయటపడినట్టే. అందుకే దాని కింద ఫర్మ్‌వేర్ బ్లాకులు తప్ప ఏమీ పంపరు, ఆ ఫర్మ్‌వేర్‌కు సొంత ఈసీడీఎస్‌ఏ సంతకం ఉంటుంది, సంతకం సరిచూసేది మీటరు బూట్‌లోడరు. గడియారం సవరణ కూడా బ్రాడ్‌కాస్ట్‌లో వద్దు; టారిఫ్ స్లాట్లు, బిల్లింగ్ తేదీ గడియారం మీదే ఆధారపడి ఉంటాయి.

పాలసీ పెంచడం అన్నిటికంటే చివర. క్లాస్ 64 మొదటి మెథడ్‌తో, వెర్షన్ 0 ఆబ్జెక్టులో 3 పెట్టాలి. వెర్షన్ 1లో బిట్ల అర్థం వేరు, అభ్యర్థనకూ జవాబుకూ ఆథెంటికేషన్, ఎన్‌క్రిప్షన్ కావాలంటే 108. ఒకసారి పెంచితే ఆ మెథడ్‌తో తగ్గించలేరు. అందుకని కొత్త కీలతో వరసగా కొన్ని బిల్లింగ్ చక్రాలు సాఫీగా నడిచిన మీటర్లకే, చిన్న బ్యాచ్‌లలో. ప్రతి బ్యాచ్ తర్వాత ఎన్‌క్రిప్ట్ చేయని గెట్ ఒకటి పంపి తిరస్కారం అందుకోవాలి. విలువ చదివి 3 ఉందని తృప్తి పడితే చాలదు, ఫర్మ్‌వేర్ దాన్ని పాటిస్తోందో లేదో తెలియదు. డీబగ్ పోర్టులు మూసి ఉన్నాయో లేదో కూడా అదే బ్యాచ్ నుంచి తీసిన ఒక మీటరు మీద చూడాలి.

తిరిగొచ్చే మీటర్లు

మరమ్మతుకో తుక్కుకో తిరిగొచ్చే మీటర్ల కీలు కేఎంఎస్‌లో వెంటనే విరమణ స్థితికి వెళ్లాలి, దాని పేరుతో వచ్చే పుష్‌లను హెచ్‌ఈఎస్ అలారంగా చూపాలి. మరమ్మతు చేసే చోటికి పంపే ముందే కీలు మార్చి ఫ్యాక్టరీ రవాణా కీ ఎక్కించాలి, వాడుకలోని కీలతో మీటరు గేటు దాటకూడదు. బోర్డు మార్చిన మీటరుకు పాత సిస్టమ్ టైటిల్‌నే ఇచ్చి పాత కీలు తిరిగి ఎక్కించడం వర్క్‌షాపుల్లో జరిగే పని: కొత్త బోర్డు కౌంటర్ సున్నా నుంచి మొదలై, పాత బోర్డు వాడేసిన నాన్స్‌లనే మళ్లీ వాడుతుంది. బోర్డు మారితే కొత్త కీలు, కొత్త చెక్ విలువలు, గోడౌన్ పరీక్ష మళ్లీ మొదటి నుంచి.